వన్స్ మోర్

"తాతా, పాడొద్దు. మామూలుగా చెప్పండి. వన్ మోర్!" అని అరిచాడు డైరెక్టర్.

రామచంద్రయ్య ముఖం వెలిగిపోయింది. పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డ మేనల్లుడు పరమేష్ వైపు తిరిగి, "ఇన్నవా అల్లుడా? వన్స్ మోరంట!" అన్నాడు.

పరమేష్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దేవరకొండ ఖిల్లా మీద షూటింగని తెలిసి, నాటకాలు ఆగిపోయి దిగులుపడుతున్న మేనమామకు ఈ చిన్న వేషం ఇప్పించింది తనే. నాటకంలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, మళ్లీ పాడాలి. ఇక్కడ వన్ మోర్ అంటే చేసింది పనికిరాలేదని. ఆ సంగతి ఈయనకు ఏ నోటితో చెప్పడం?

చెప్పాల్సింది ఒక్కటే మాట. "కోట తలుపులు మూసిన్రు, ఎనక్కి పో బిడ్డా." రామచంద్రయ్య దానికి రాగం కట్టాడు. చెయ్యెత్తి, "బిడ్డా" దగ్గర గుట్ట మారుమోగేలా గొంతు సాగదీశాడు.

"వన్ మోర్!"

ఈసారి ఇంకా పైకి ఎత్తుకున్నాడు.

"జర సాదాగ చెప్పు మామా," పరమేష్ బతిమాలాడు.

"నువ్వూకో. అడుగుతుంటె పాడకుంటె ఎట్ల?"

డైరెక్టర్ తల పట్టుకుని పరమేష్‌ను పక్కకు పిలిచాడు. "ఏమనుకోకండి. వెలుతురు పోతోంది. పెద్దాయన్ని తీసుకెళ్లండి."

అటుగా మేకలు తోలుకుపోతున్న లింగయ్య అనే కాపరిని పిలిచి ఆ వేషంలో నిలబెట్టారు. మేకను అదిలించినట్టు అతను ఆ మాట అనేశాడు. "ఓకే!" అన్న కేక, మెట్లు దిగుతున్న ఇద్దరికీ వినిపించింది.

ఆటో ఎక్కాక పరమేష్ అబద్ధమాడాడు. "నీ పాట మస్తు నచ్చిందట మామా. సినిమాల పెడ్తరట."

ముఖాన రంగు తుడుచుకోకుండానే కూర్చున్న రామచంద్రయ్య ఖిల్లా వైపు చూశాడు. "పెట్టరు. వన్స్ మోర్ అన్నోళ్లు చప్పట్లు కొడ్తరు అల్లుడా, పాడొద్దనరు. నాకు మొదాలే సమజైంది."

పరమేష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. "మరి సాదాగ చెప్తె ఒక్కపారికే అయిపోతుండె గద మామా!"

"అయిపోతుండె. గందుకే చెప్పలే. మళ్ల నన్ను పాడుమనేటోడెవడు?"