చదివి పెట్టమన్న పెద్దాయన

“ఖాళీగా ఉన్నావా నాయనా? ఆ పాత గ్రంథం కాస్త చదువు, వింటాను.”

ఆ గొంతు వినగానే మదర్సా పెద్ద మౌల్వీకి ఒళ్లు మండింది. ఫోను చేత్తో మూసి తల తిప్పాడు. గుమ్మంలో కర్ర పట్టుకుని అదే ముసలాయన. చూపు ఆనకపోయినా రోజూ సరిగ్గా ఈ గదికే వస్తాడు.

“ఖాళీ ఎక్కడిది తాతగారూ? ఇక్కడ ఊపిరి సలపట్లేదు.”

అబద్ధమేం కాదు. ఆ మదర్సా పూర్వం నవాబు కట్టించింది. ఎక్కడో దూరదేశం నుంచి ఒక మహాపండితుణ్ణి పిలిపించి, ఇల్లిచ్చి, జీతమిచ్చి, ప్రవక్త మాటలతో ఆయన కూర్చిన గ్రంథాన్ని ఇక్కడే పాఠం చెప్పించాడు. పండితుడు పోయాడు. సంస్థానమూ పోయింది, పోషణ ఆగిపోయింది, తలుపులకు తాళం పడింది. శిష్యులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు.

తాళం అయితే మళ్లీ తీశారు గానీ, ఆ గ్రంథం చెప్పే హక్కు ఇప్పుడు ఎవరికీ లేదు. పండితుడి దగ్గర నేర్చుకున్నవాడు స్వయంగా అనుమతి ఇవ్వాలి. పుస్తకం కొనుక్కుని సొంతంగా చదివేసుకుంటే చెల్లదు. ఆ శిష్యుల్లో ఒక్కరైనా బతికున్నారా అని పెద్ద మౌల్వీ ఊరూరికీ ఫోన్లు చేస్తున్నాడు. దొరక్కపోతే నవాబు కాలం నాటి చదువు ఇక ఇంతటితో సరి.

ఈ గోల చాలనట్టు ఈ జిడ్డొకటి.

వీధి చివర మనవరాలి ఇంటికి కొత్తగా వచ్చాడట. కనబడ్డ విద్యార్థినల్లా పట్టుకుని చదవమంటాడు. పాపం ఒకడు మొహమాటానికి కూర్చుంటే, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివించి వాడి ప్రాణం తీశాడు. ఇప్పుడు కర్ర చప్పుడు వినబడితే చాలు, అందరూ వెనక గుమ్మంలోంచి జారుకుంటున్నారు.

“కాలక్షేపం కావాలంటే రేడియో పెట్టుకోండి తాతగారూ.”

“నేను వింటే రేడియోకి ఏం ఒరుగుతుంది నాయనా?”

“మీరు వింటే మాకు మాత్రం ఏం ఒరుగుతుంది?”

“చిన్నప్పుడు మాకు చదువు చెప్పిన ఉస్తాద్...”

“మీ చిన్నప్పటి కథలు వినే తీరిక నాకు లేదు. రేపట్నుంచి రాకండి. మమ్మల్ని వదిలేయండి.”

ముసలాయనకు కోపం రాలేదు. “తీరిక దొరికినప్పుడే కబురు పెట్టు,” అని కర్ర తట్టుకుంటూ వెళ్లిపోయాడు.

అమ్మయ్య అనుకున్నాడు పెద్ద మౌల్వీ. సంచీ సర్దుకుని బయల్దేరి కాళ్లరిగేలా ఊళ్లు తిరిగాడు. ఒకచోట పోయారన్నారు, ఒకచోట తెలీదన్నారు, ఒకచోట టీ ఇచ్చి పంపేశారు. విసిగి వేసారి తిరిగొచ్చేసరికి ముసలాయన మనవరాలు మదర్సా గుమ్మంలో నిలబడి ఉంది.

“తాతయ్య పొద్దున పోయారండీ. ఖననానికి ముందు జనాజా నమాజు మీరే చదివించాలని ఆయన కోరిక.”

పోతూ పోతూ కూడా నన్ను వదల్లేదు అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడి, కాళ్లు కడుక్కుని ఆమె వెంట నడిచాడు.

“చివరిదాకా మిమ్మల్నే అడిగారు,” అందామె. “మౌల్వీగారికి తీరిక దొరికిందా అని.”

పెద్ద మౌల్వీ నడక వేగం పెంచాడు.

ఖననం అయ్యాక గదికి తిరిగొచ్చేసరికి ఫోను మోగుతోంది. దూరపు ఊరి మౌల్వీ.

“మీ అదృష్టం బాగుందండీ. పండితులవారి శిష్యుల్లో ఒకాయన ఇంకా ఉన్నారు. అదీ మీ వీధిలోనే, మనవరాలి ఇంట్లో.”

పెద్ద మౌల్వీ గుమ్మం వైపు చూశాడు.

“పెద్ద వయసు, చూపు పోయింది. తన గొప్ప తాను చెప్పుకునే మనిషి కాదు. వింటున్నారా?”

“ఊఁ.”

“ఇంకా కూర్చున్నారేంటండీ, గ్రంథం తీసుకుని పరిగెత్తి ఆయన ముందు కూర్చుని చదవండి, శిష్యుడు చదవడం, గురువు వినడం, అదే పాఠమనీ అదే అనుమతనీ మీకు నేను చెప్పాలా?”