నెట్ పోయిన లెక్కల పీరియడ్

ఏడో తరగతికి లెక్కలు చెప్పడం ఇప్పుడెంత సుఖమో! ఏం చెప్పాలో యంత్రం పొద్దున్నే నిర్ణయిస్తుంది. పిల్లల చెవుల్లోని పూసలు పాఠం చెప్పేస్తాయి. సందేహం పుట్టకముందే సమాధానం వచ్చేస్తుంది. హైమావతి టీచర్‌కు మిగిలిన పనల్లా చివర్లో "అర్థమైందా?" అని అడగడం. ఆ ఒక్క ప్రశ్న మాత్రం మనిషే అడగాలని నిబంధన.

మంగళవారం పాఠం మొదలవకముందే నెట్ పోయింది. పూసలు మూగబోయాయి. నిశ్శబ్దం కాగానే హైమావతి అలవాటు కొద్దీ అడిగింది.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!" తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఏమర్థమైంది? పాఠమే కాలేదు గద!" హైమావతికి నవ్వాగలేదు. బోర్డు దగ్గరికి వెళ్లింది. "మైనస్ మూడును మైనస్ నాలుగుతోని గుణిస్తే ప్లస్ పన్నెండు ఎందుకయితది?"

పిల్లలు చెవులు తడుముకున్నారు. తర్వాత తలలు గోక్కున్నారు. ఆ తర్వాత కొట్లాట మొదలైంది. చివరికి మౌక్తిక లేచింది.

"ట్యాంకుల రోజూ మూడు బిందెలు తగ్గుతున్నయనుకో టీచర్. నాలుగు రోజుల కింద పన్నెండు ఎక్కువే ఉండె గద!"

నెట్ రాగానే యంత్రం నివేదిక పంపింది: "పీరియడంతా గందరగోళం. కారణం: టీచర్."

హెడ్మాస్టర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది మేడమ్, పిల్లలు ఆలోచించిన్రంట! పైకి తెలిస్తే మన బడి పరువేంగావాలె?"

మర్నాడు పాఠం మొదలవుతుండగా మౌక్తిక గుసగుసగా అడిగింది. "టీచర్, ఇయ్యాల గూడ నెట్ పోతదా?"

హైమావతి గోడ దగ్గరికి వెళ్లి నెట్ డబ్బా ప్లగ్గు పీకేసింది.

"పోయింది," అంది.