హిమజ చేతి మీది రికార్డు

కొన్నేళ్లుగా కాలేజీల్లో రికార్డు పుస్తకాలు పిల్లల రాతను వాటంతటవే దిద్దేస్తున్నాయి. మదనపల్లెలో డిగ్రీ మొదటి ఏడాది చదివే హిమజ, నీళ్లు తొంభై ఏడున్నర డిగ్రీల దగ్గర మరిగాయని రాసింది. పుస్తకం దాన్ని వందగా మార్చేసింది.

"నేను కళ్లారా చూసినాను!" అంటూ ఆమె ఆ అంకెను ఎడమచేతి మీద రాసుకుంది.

ల్యాబ్ అటెండరు ఆ చేతి మీదే కాలేజీ ముద్ర వేసి, ఇక ఇదే నీ రికార్డు, చెరిగితే ఫెయిలేనన్నాడు. వారం రోజులు వాళ్లమ్మ ఆ చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టి స్నానం చేయించింది.

ప్రాక్టికల్ పరీక్ష పెట్టడానికొచ్చిన కుళ్లాయప్ప మాస్టారు ఆ చేతిని పట్టుకుని రెండుసార్లు చదివారు.

"మనది ఎత్తయిన ఊరు, నీళ్లు వందకు ముందే మరుగుతాయి. నిజమే అయ్యుంటుంది. అయినా ఒక్కసారి చూస్తే చాలదు తల్లీ, మళ్లా మరిగించల్ల."

హిమజ సంబరంగా స్టవ్ వెలిగించి, కుడిచెయ్యి చాపింది.

"దీని మీద మీరు రాయండి సార్. నేను చూసి చెప్తా."