గోరువెచ్చటి నీళ్లు

“మంట! అలేఖ్యా, మంటనే!”

సదానందం టబ్బులోంచి ఎగిరి లేచాడు. లుంగీ చుట్టుకుని వసారాలోకి వచ్చి చాప మీద బోర్లా పడ్డాడు.

మూలశంకకు ఆపరేషనై పది రోజులు. పూటకోసారి గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కూర్చోమన్నాడు డాక్టరు. నిన్నటిదాకా పుండు చక్కగా మానుతూ వచ్చింది. శుక్రవారం దుబాయి విమానం. అది తప్పితే ఉద్యోగం ఇంకొకడికి పోతుంది.

అలేఖ్య స్నానాల గదికి పరుగెత్తింది.

అప్పటికే అక్కడ ఒక మనిషి టబ్బు వంచి నీళ్లు పారబోస్తున్నాడు.

దేవదాస్. ముందు గదిలో నెల క్రితం అద్దెకు దిగిన ముసలాయన. పలకరిస్తే తప్ప పలకడు. బజారు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, భుజాన సంచి అలాగే ఉంది.

“ఏం పారబోస్తున్నవ్?”

అతను టబ్బును మంచినీళ్లతో కడగసాగాడు.

“ఏమయ్యా, మొన్న గూడ గిట్లనే పారబోసిండు. నా కండ్లతో చూసిన!” అలేఖ్య భర్తకు వినబడేలా అరిచింది.

సదానందం గోడ పట్టుకుని లేచి వచ్చాడు.

“ఏం కలిపినవ్ నీళ్లల్ల? నీకు నేనేం పాపం చేసిన?”

“నేను కలపలే.”

“మరెవలు కలిపిండ్రు? దయ్యం వచ్చి కలిపిందా?”

దేవదాస్ తలెత్తాడు. గుమ్మంలో సదానందం తల్లి రామవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అతను తల దించుకున్నాడు.

“సామాను దీస్కొని నడువ్. గంటల ఇల్లు ఖాళీ గావాలె.”

అరగంటలోనే ట్రంకు పెట్టెతో బయటికి వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు.

“ఉత్త నీళ్లే పెట్టు బిడ్డా. ఉప్పు గూడ వద్దు.”

“అబ్బో, పెద్ద డాక్టర్ సాబు చెప్తుండు!”

అతను సుల్తానాబాద్ బస్టాండు దారి పట్టాడు.

సాయంత్రం అలేఖ్య తనే టబ్బు తోమి, తనే నీళ్లు కాచి నింపింది. తువ్వాలు కోసం ఒక్క నిమిషం లోపలికి వెళ్లి వచ్చింది.

సదానందం కూర్చున్నాడు.

ఈసారి కేక వీధి చివరిదాకా వినిపించింది. నీళ్లలో నెత్తురు.

“ఎవరో మైలుతుత్తం కలిపారు. నెల రోజులు ప్రయాణం మాటెత్తొద్దు,” అన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే సదానందం భార్య మీద విరుచుకుపడ్డాడు.

“ఇప్పుడు ఆయన లేడు. నీళ్లు పెట్టింది నువ్వు. చెప్పు!”

“నేనా? గా మైలుతుత్తం ఎట్లుంటదో గూడ నాకు ఎరుక లే!”

“మీ అన్నను పిలుస్త. నీ సంగతి గాయన ముందటనే తేలుతది.”

అలేఖ్య ఏడుస్తూ చీరలు బ్యాగులో కుక్కింది. రామవ్వ వెళ్లి గడపకు అడ్డంగా కూర్చుంది.

“దాన్ని అనకు కొడుకా. కలిపింది నేను.”

“అవ్వా!”

“ఎద్దుల గిట్టల పుండ్లు దాంతోనే మాన్పిన గదరా. మండితే మందు పట్టిందనుకున్న. శుక్రారం లోపల మానాలని జర ఎక్కువేసిన.”

“మరి గిన్ని రోజులు ఎందుకు మండలే?”

రామవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నేను కలిపినప్పుడల్లా దేవదాస్ సారు పారబోసి మంచినీళ్లు నింపిండు... బెల్లంపల్లి బొగ్గుబాయి దవాఖానల ముప్పయ్యేండ్లు పుండ్లు కడిగి కట్లు కట్టిన మనిషిరా, నా కొడుక్కు చెప్పకని కాళ్లు మొక్కితే, నీతోని అన్ని తిట్లు పడ్డడు గని నా పేరు చెప్పలే.”