రోత్లిందు కూతురు

మఠంలో అందరూ పడుకున్నాక ముసలి సన్యాసి అన్సెగిస్ కొవ్వొత్తి పక్కన ఆ ప్రాంతపు దొర కౌంటు గారి వంశావళికి కొత్త ప్రతి రాస్తున్నాడు. రాస్తూ రాస్తూ రోత్లిందు పేరు దగ్గర ఆగాడు.

ఆమె కౌంటు చెల్లెలు. "గుర్రాలు కాసేవాడితో లేచిపోయింది. అది మా ఇంట పుట్టనే లేదు, గీకెయ్!" అన్నాడు కౌంటు ఇరవై ఏళ్ల కిందట. అన్సెగిస్ ఆ పేరును తోలు కాగితం మీంచి చాకుతో గీకేశాడు. ఆ చలికాలమే ఆమె పసిబిడ్డనెత్తుకుని మఠానికి వచ్చింది.

"నా పేరు పోతే పోనీ అయ్యా, దీని పేరైనా రాయండి. లేకపోతే దీన్నెవరూ గడప తొక్కనివ్వరు."

"వెళ్లమ్మా, మంచు పడుతోంది" అని అతను తలుపేసుకున్నాడు. తెల్లారి ఏటి ఒడ్డున ఇద్దరూ కొయ్యబారి దొరికారు.

ఇప్పుడు పాత ప్రతిలో, ఆనాడు గీకేసిన చోట, రోత్లిందు పేరు మళ్లీ ఉంది. అతని దస్తూరీయే. ముట్టుకుంటే వేలికి సిరా అంటింది. పేరు కింద బిడ్డ పేరు కోసమన్నట్టు ఒక గీత దిగి, ఖాళీ దగ్గర ఆగింది.

తలుపు మీద ఎవరో తట్టారు, మోకాలి ఎత్తున.

"రాశావా తాతా?"

అన్సెగిస్ కలం సిరాలో ముంచాడు. "రాస్తాను తల్లీ. నీ పేరేంటి?"

ఆ పేరు తల్లి ఆ రోజే చెప్పింది. అతనే చెవిన పెట్టలేదు.

మళ్లీ తలుపు తట్టిన చప్పుడైంది.