గురువారం బేరం

"అమ్మా, గిటార్ కోసం వచ్చిన."

గేటు దగ్గర నిలబడి స్టీఫెన్ కేకేశాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నెత్తిన టోపీ, చంకలో నల్ల బ్యాగు. బేరానికి వచ్చినప్పుడల్లా ఇదే వేషం. అరుగు కింద పడుకున్న కుక్క ఒకసారి తోకాడించి మళ్లీ కళ్లు మూసుకుంది.

వరండాలో కుర్చీలో కూర్చున్న దెబోరా కళ్లు చికిలించి చూసింది.

"ఎవరు సారూ? ఏ ఊరు?"

"కరీంనగర్ కెళ్లి అమ్మా. పాత గిటార్లు, యాంప్లిఫయర్లు కొంట."

ఎన్ని గురువారాలు వచ్చినా ఆమె ఇదే అడుగుతుంది, అతను ఇదే చెబుతాడు. వచ్చేపోయే బేరగాళ్ల మొహాలు ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు!

ఇచ్చోడలో ఆ గిటార్ గురించి వినని క్రైస్తవ కుటుంబం లేదు. పాతకాలపు ఎలక్ట్రిక్ గిటార్. దానికి జోడీగా వాల్వుల యాంప్లిఫయర్, కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. సౌండు పెంచే మీట ఎప్పుడో ఊడిపోతే, ఆ స్థానంలో టానిక్ సీసా మూత బిగించి ఉంది. ఇలాంటి వాటికిప్పుడు పిచ్చి గిరాకీ. కొత్తవి ఎన్ని వచ్చినా ఆ వాల్వుల గొంతు రాదంటారు తెలిసినవాళ్లు.

మొదట హైదరాబాద్ నుంచి ఒక వ్యాపారి వచ్చి అడిగాడు. దెబోరా అతణ్ని దులిపేసింది. "మా ఇంటాయనది. బయటికి పోయిండు, వస్తడు. వచ్చి నా గిటారేదంటే నేనేం చెప్పాలె?" అని, ఆ ఇంటాయన సంగతులన్నీ ఏకరువు పెట్టి మరీ పంపింది.

ఆ మాటలన్నీ స్టీఫెన్ విన్నాడు. మరుసటి వారమే తనూ బేరానికి దిగాడు. అప్పటినుంచి రావడం, కాదనిపించుకోవడం, పోవడం. పాత సామాను పిచ్చి పట్టినవాళ్లకు సిగ్గు కాస్త తక్కువ.

ఆమె వెనకే లోపలికి వెళ్లి యాంప్లిఫయర్ స్విచ్ వేశాడు. ఎర్రదీపం వెలిగింది. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. మామూలుగా ఆ ఆగే సమయంలోనే దెబోరా కథ మొదలుపెట్టేది.

ఆమె పుట్టిల్లు హుస్నాబాద్. క్రిస్మస్ ముందు చర్చి కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి పాడుతూ, ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి ప్లగ్గులో ఈ యాంప్లిఫయర్ వైరు గుచ్చేవాళ్లు.

"మా ఇంట్ల వెట్టంగనే ఫీజు పోయింది సారూ. ఇల్లంత చీకటి. మా బాపు ఒకటే తిట్టుడు. నేను కందిలి వట్టుకొస్తె, గప్పుడు గాయన మొఖం కనవడ్డది."

అని ముసిముసిగా నవ్వేది. ఆయన పేరేమిటంటే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "మొగని పేరు ఎట్ల చెప్తరు?"

గిటార్ మోగించి చూస్తే వంకలు. "గిట్ల కాదు. మా ఇంటాయన నిమ్మలంగ వాయిస్తడు. నీ చెయ్యి ఉరుకుతున్నది." స్టీఫెన్ తలొంచుకుని మళ్లీ వాయించేవాడు. చివరికి "ఇయ్య సారూ, ఏమనుకోకు" అని సాగనంపేది.

నిజం చెప్పాలంటే స్టీఫెన్‌కు గిటార్ కంటే ఆ కథ మీదే మోజు. ఈమధ్య అందులోంచి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. ముందు బాపు తిట్లు పోయాయి. తర్వాత హుస్నాబాద్ పోయింది. కందిలి ఉన్నంతకాలం ఫరవాలేదనుకునేవాడు.

ఈ గురువారం వాల్వులు వేడెక్కాయి. దెబోరా కథ ఎత్తుకోలేదు.

"ఫీజు పోయిందన్నరు గదమ్మా... మీరు కందిలి తెచ్చిండ్రు..." అతనే అందించాడు.

ఆమె గోడకేసి చూస్తోంది.

స్టీఫెన్ క్రిస్మస్ పాట అందుకున్నాడు. కావాలనే చెయ్యి ఉరికించాడు. తప్పు పడుతుందేమోనని ఆశగా ఆమె మొహంకేసి చూశాడు.

"బంజెయ్యి సారూ. తల నొస్తున్నది."

ఆపేశాడు.

"తీస్కపో గది."

"ఏందమ్మా?"

"గిటారు. గా డబ్బ గూడ తీస్కపో. ఊకె అడ్డమున్నది. పైసలేం వద్దు."

"మరి మీ ఇంటాయన వస్తె?"

దెబోరా అతని కళ్లలోకి సూటిగా చూసింది. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పటి మర్యాద తప్ప ఆ చూపులో ఇంకేమీ లేదు.

"నాకెవరున్నరు సారూ, వచ్చెటందుకు?"

ఇన్నాళ్లూ అడిగింది ఊరకే చేతికొస్తే బేరగాడనేవాడు ఎగిరి గంతెయ్యాలి. స్టీఫెన్ గిటార్ కింద పెట్టేశాడు.

"జర సోచాయించుండ్రి అమ్మా. వచ్చే గురువారం మళ్ల వస్త," అని బతిమాలాడు.

"ఏం ఫికర్ చెయ్యకు. తీస్కపో," అని పాపం ఆమే అతణ్ని ఓదార్చింది.

యాంప్లిఫయర్‌ని తర్వాత తీసుకెళతానని చెప్పి, గిటార్ ఒక్కటే పట్టుకుని బయటికొచ్చాడు. గేటు దగ్గర పక్కింటి మంజుల ఎదురైంది. అతని చేతిలో గిటార్ చూసి ఆగిపోయింది.

"ఇచ్చిందా?"

"ఇచ్చింది."

మంజుల కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టీఫెన్ టోపీ తీసి బ్యాగులో కుక్కాడు.

గిటార్ పట్టుకుని ప్రహరీ వెంట వెనక్కి నడిచి, అదే ఇంటి పెరటి తలుపు తోసుకుని, తన భార్యకు మధ్యాహ్నం అన్నం వండడానికి లోపలికి వెళ్లాడు.