రిపేరు దండుగ

“గాస్కెటు పోయింది, గంతే. రింగులు గూడ మారిస్తె ఇంకో రెండేండ్లు ఫికర్ లేదు కాకా” అన్నాడు మెకానిక్ అంబదాస్, కారు బానెట్ కిందినుంచి తల బయటపెట్టి.

కొమురెల్లి ముఖం విప్పారింది. “నేను చెప్పలే? దీని పానం గట్టిది” అంటూ కొడుకు వైపు తిరిగాడు.

సన్నీ నవ్వలేదు. “మీటరు తిరిగి తిరిగి ఎన్నడో ఆగిపోయింది. గీ డొక్కుకు రిపేరు దండుగ. తుక్కోనికి ఇచ్చెయ్యి బాపూ.”

“అరే, మంగళారం బోర్డున్నది గదరా! దీంట్లనే పోదమనుకున్నం గద.”

“బస్సున్నది” అన్నాడు సన్నీ.

బోర్డంటే కంపెనీ మెడికల్ బోర్డు. జీవితమంతా బొగ్గుబాయిలోకి దిగిన కొమురెల్లిని అక్కడి డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే, కంపెనీలో ఉద్యోగం సన్నీకి వస్తుంది. ఫిట్ అని రాస్తే కొమురెల్లి మళ్లీ బాయిలోకే. రిటైర్మెంటు దగ్గర పడింది కనుక ఇంకోసారి బోర్డుకు వెళ్లే వీల్లేదు. కొమురెల్లి వేషం వెయ్యాల్సిన పని కూడా లేదు. నాలుగు మెట్లెక్కితే చాలు, దగ్గు తన్నుకొస్తుంది. కారు ఇంకా పనికొస్తుందని ఇవాళ, తాను పనికిరానని మంగళవారం వాదించాల్సి రావడం మాత్రం ఆయనకే చిత్రంగా ఉంది.

క్వార్టరుకు రాగానే సత్తవ్వ కొడుకు మీద విరుచుకుపడింది.

“గింత దగ్గుతోని గంత దూరం బస్సుల ఎట్ల పోతడురా మీ బాపు? ముందుగాల బండి చేపియ్యి.”

సన్నీ తల్లిని వంటింట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. “అవ్వా, నీకు సమజైతలే. కారుల కాళ్లు సాపుకొని పోతే బాపు నిమ్మళంగ దిగుతడు. ముఖం చూసి ఫిట్ రాస్తరు. బస్సుల పోతే మనిషి పాడైపోతడు. చూడంగనే తెల్వాలె గద డాక్టరుకు!”

“నీ నోట్ల మన్నువడ!” అంది సత్తవ్వ.

ఆ క్వార్టర్లలో గొంతు తగ్గించినా గోడవతలికి వినపడుతుంది. కొమురెల్లి అంతా విన్నాడు. ఒళ్లు మండింది. కానీ వంటింట్లోంచి బయటికొచ్చిన కొడుకు ముఖం చూడగానే ఆ మంట నిలవలేదు. డిగ్రీ చదివి, ఏళ్లుగా చాయ్ హోటళ్ల ముందు పొద్దు గడుపుతున్న ముఖం అది.

“వాడన్నదే కరెక్టు. బండిని తుక్కోనికి ఇచ్చెయ్యిరి” అన్నాడు. తుక్కువాడు వచ్చి కారుకు తాడు కట్టి లాక్కుపోతుంటే కొమురెల్లి గడప దాటి బయటికి రాలేదు.

మంగళవారం మంచిర్యాల బస్టాండులో ఎక్కేసరికే సీట్లన్నీ ఆడవాళ్లతో నిండిపోయాయి. కొమురెల్లి రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. బస్సు పొలిమేర దాటిందో లేదో దగ్గు మొదలైంది.

“గట్ల దగ్గుతున్నవు, జర గీడ కూసో కాకా” అంటూ ఒకామె లేవబోయింది.

“వద్దక్కా, ఆయనకు నిలవడుడు అలవాటే” అన్నాడు సన్నీ చప్పున.

ఆమె సన్నీని ఎగాదిగా చూసింది. “ఏం కొడుకువు తమ్మీ నువ్వు!”

నలుగురిలో కొడుకు మాట పడుతుంటే కొమురెల్లి ఊరుకోలేకపోయాడు. “వానిదేం లేదు బిడ్డా. కూసుంటే నాకే నడుం గుంజుతది” అని అబద్ధమాడాడు.

ఆ అబద్ధంతో దారిలో ఖాళీ అయిన సీట్లలో కూర్చునే అవకాశం కూడా పోయింది. కంపెనీ పెద్దాసుపత్రి ముందు దిగేసరికి కాళ్లు వాచాయి, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. సన్నీ నీళ్ల సీసా తీశాడు. ఏమనుకున్నాడో, మళ్లీ సంచిలో పెట్టేశాడు.

“బయటికొచ్చినంక తాగుదువు బాపూ” అన్నాడు ముఖం తిప్పుకుని.

కొమురెల్లి లోపలికి నడిచాడు.

పెద్ద డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. పక్కన కూర్చున్న డాక్టరుకు అందించాడు.

“మచ్చలున్నాయి” అన్నాడు.

“ఉన్నాయి గానీ, అటూ ఇటుగా ఉంది సార్. ఎటైనా రాయొచ్చు” అని ఆయన పెదవి విరిచాడు.

పెద్ద డాక్టరు పెన్ను తీశాడు. రాయలేదు. కొమురెల్లి కళ్లు ఆ పెన్ను మీదే ఉన్నాయి. సన్నీ బతుకు ఇప్పుడు దాని చేతిలో ఉంది.

“ఏ ఊరినుంచి వచ్చావు?”

“మంచిర్యాలకెల్లి సార్.”

“అబ్బో, అంత దూరం నుంచా! కార్లో వచ్చావా?”

అడిగించుకోవాల్సిన ప్రశ్నే అడిగాడనుకున్నాడు కొమురెల్లి. పొద్దుటినుంచీ పడ్డ యాతన ఇక ఊరికే పోదు. దగ్గు ఆపుకుంటూ చేతులు జోడించాడు.

“కారు యాడిది సార్! బస్సుల వచ్చిన. పొద్దుగాల సంది నిలవడే ఉన్న. అబద్ధమైతే నా కొడుకునడుగుండ్రి.”

తలుపు దగ్గరున్న సన్నీ ఒక అడుగు లోపలికి వేశాడు. “అవు సార్. బాపు ఒక్క నిమిషం గూడ కూసోలే. నేను పక్కన్నే ఉన్న.”

డాక్టరు కళ్లజోడు తీసి కొమురెల్లిని కిందినుంచి పైకి చూశాడు. తర్వాత పక్కాయన వైపు తిరిగాడు.

“అంత దూరం బస్సులో నిలబడి వచ్చాడంటే ఇంక చూసేదేముంది? ఫిట్ అని రాసెయ్యండి.”